దుర్లాభం: ‘ఫిల్తీ లూకర్’ అనే మాట వెనక కథ

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. అన్నేళ్లలో నన్ను నిలబెట్టేసిన ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి బీకాం రెండో సంవత్సరం అమ్మాయి అడిగింది. పాఠంలో ‘ఫిల్తీ లూకర్’ అన్న మాట వచ్చింది. అక్రమంగా వచ్చిన డబ్బు, పాపపు సొమ్ము అని అర్థం చెప్పేసి ముందుకి వెళ్లిపోతున్నాను. ఆ అమ్మాయి లేచి, "మేడమ్, ఫిల్తీ అంటే మురికి. మరి లూకర్ అంటే డబ్బయితే, ఆ మాట ఇంకెక్కడా కనిపించదేం?" అంది.

నిజమే. పొలం పుట్రా అంటాం. పుట్ర ఒక్కటే ఎవరమూ అనం. గొడ్డూ గోదా అంటాం. ‘మా ఇంట్లో రెండు గోదలున్నాయి’ అన్నవాణ్ణి నేనైతే చూడలేదు. జంటలో ఒకటి చచ్చిపోయినా రెండోది దాన్ని వదలకుండా మోస్తూ ఉంటుంది. లూకర్ సంగతి కూడా ఇంచుమించు అంతే. లాటిన్‌లో ‘లుక్రుమ్’ అంటే లాభం. దాని పిల్లే ‘లూక్రటివ్’, ఉద్యోగ ప్రకటనల్లో మంచి జీతం అని చెప్పడానికి వాడే మాట. లూకర్ మాత్రం ఇంగ్లీషులో ఫిల్తీ చెయ్యి పట్టుకునే బతుకుతోంది. ఎందుకలా అతుక్కుపోయాయో ఆ రోజు నేను చెప్పలేకపోయాను. తర్వాత వెతుక్కుంటూ పోతే, మాట వెనక ఒక మనిషి దొరికాడు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ మనిషి గురించే. కానీ ఆయన దగ్గరికి చేరాలంటే కాస్త దూరం నడవాలి.

ముందు, ఇప్పుడు ఈ మాటని ఎలా వాడుతున్నారో చెబుతాను. నేటి ఇంగ్లీషులో దీనికి పదును పోయింది. అవినీతి డబ్బుకీ వాడతారు, నవ్వుతూ మామూలు జీతానికీ వాడతారు. 1996లో సెక్స్ పిస్టల్స్ అనే సంగీత బృందం విడిపోయిన ఎన్నో ఏళ్లకి మళ్లీ కలిసి కచేరీలకు బయల్దేరినప్పుడు, ఆ యాత్రకి ‘ఫిల్తీ లూకర్’ అనే పేరు పెట్టుకుంది. డబ్బు కోసమే వచ్చాం అని బాహాటంగా చెప్పుకోవడం అన్నమాట. 

అంతకు వందేళ్ల ముందు ఈ మాటకి ఇంకా కోపం ఉండేది. విస్లర్ అనే చిత్రకారుడు లండన్‌లో లేలండ్ అనే ఓడల యజమాని ఇంట్లో భోజనాల గదిని నెమళ్ల బొమ్మలతో నింపాడు. రెండు వేల గినీలు అడిగాడు (గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ). ఆయన ఇచ్చింది వెయ్యి పౌండ్లు. సగానికి కోసేశాడన్న బాధ ఒకటైతే, గినీల్లో కాకుండా పౌండ్లలో ఇచ్చాడన్నది అంతకన్నా పెద్ద అవమానం. పెద్దమనుషులకీ కళాకారులకీ గినీల్లో ఇచ్చేవారు, బజారు బేరాలకి పౌండ్లలో ఇచ్చేవారు. విస్లర్ ఆ గది గోడ మీదే, కాళ్ల దగ్గర వెండి నాణేలు చిందిన రెండు నెమళ్లు కొట్టుకుంటున్నట్టు గీసి పోయాడు. ఆ గది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ మ్యూజియంలో ఉంది. 1879లో విస్లర్ దివాలా తీసినప్పుడు, అప్పులవాళ్లలో లేలండ్ కూడా ఉంటే, అతన్ని నెమలి ఒళ్లు, మనిషి ముఖం ఉన్న జంతువుగా గీశాడు. విస్లర్ సొంత ఇంటినే పీటగా వేసుకుని కూర్చుని పియానో వాయిస్తుంటుంది ఆ జంతువు. దాని పేరులో ఫిల్తీ లూకర్ అన్న మాటని ‘ఫ్రిల్తీ లూకర్’ అని ఒక అక్షరం మార్చి పెట్టాడు. లేలండ్ కుచ్చుల చొక్కాలు వేసుకునేవాడు, అదీ సంగతి. చూశారా, ఇక్కడికే మాట ఎంత జారిందో. లేలండ్ దొంగతనం చెయ్యలేదు, లంచం తినలేదు. బేరంలో కోత కోశాడంతే. దానికే ఈ మాట పడింది.

నేను మొదట ఇది అరిగిపోయిన అర్థం అనుకున్నాను. వెనక్కి వెళ్లి చూస్తే ఆశ్చర్యం వేసింది. అసలు పుట్టినప్పుడు ఈ మాట పెద్ద పెద్ద దోపిడీల కోసం పుట్టలేదు. చిన్న కక్కుర్తి కోసమే పుట్టింది.

పుట్టినిల్లు గ్రీకు భాష. ‘ఐస్క్రోస్’ అంటే సిగ్గుపడాల్సినది, చూడ్డానికి వికారమైనది. ‘కెర్డోస్’ అంటే లాభం. రెండూ కలిస్తే సిగ్గుమాలిన లాభం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఈ మాటని విడమరిచాడు. చిన్న మొత్తాలు అప్పిచ్చి ఎక్కువ వడ్డీ లాగేవాళ్లని, ఆడవాళ్లతో వ్యాపారం చేసేవాళ్లని, జూదగాళ్లని, దారిదొంగల్ని దీని కిందికి తెచ్చాడు. వీళ్లందరిలో ఉన్న పోలిక ఏమిటంటే, లాభం కోసం, అదీ కాసింత లాభం కోసం, చెడ్డపేరుని భరించడానికి సిద్ధపడటం. అక్కడే ఇంకో సంగతి అన్నాడు. నగరాల్ని కొల్లగొట్టి గుళ్లు దోచుకునే నిరంకుశుల్ని మనం ఈ మాటతో పిలవం, వాళ్లని దుర్మార్గులంటాం, పాపాత్ములంటాం అని. అంటే వేల కోట్ల కుంభకోణానికి సరిపోయే మాట కాదు ఇది. పది రూపాయల దగ్గర పరువు వదులుకునేవాడి మాట.

ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ ఇంకా దగ్గరగా చూపించాడు. మనుషుల స్వభావాల మీద చిన్న చిన్న రూపచిత్రాలు రాశాడు. వాటిలో ముప్ఫయ్యోది సరిగ్గా ఈ గుణం మీదే. ఆ మనిషి విందుకి పిలిచి రొట్టెలు సరిపడా పెట్టడు. తన ఇంట దిగిన అతిథి దగ్గరే అప్పు అడుగుతాడు. వడ్డించేటప్పుడు, వడ్డించేవాడికి రెండు వాటాలు న్యాయం అంటూ తన వాటా తీసుకుంటాడు. స్నేహితుడికి అమ్మే ద్రాక్షసారాలో నీళ్లు కలుపుతాడు. పిల్లలకి జ్వరం వచ్చి నెలంతా బడికి పోకపోతే, ఆ రోజులకి లెక్కగట్టి పంతులు జీతంలో కోత పెడతాడు. పండగలు ఎక్కువున్న నెలలో అసలు బడికే పంపడు, ఫీజు దండగని. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటి ఏథెన్సు మనిషి. మీలో ఇద్దరు ముగ్గురు తల ఊపుతున్నారంటే, మీకూ ఎవరో గుర్తొచ్చారన్నమాట.

ఇందులో మురికి ఎక్కడా లేదు. సిగ్గు ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ మాట గ్రీకు నుంచి బైబిల్లో రెండో భాగమైన కొత్త నిబంధనలోకి వచ్చింది. తీతు అనే శిష్యుడు క్రేతు దీవిలో సంఘాలు నడుపుతున్నాడు. అతనికి రాసిన పత్రికలో (బైబిల్లో ఉత్తరాన్ని పత్రిక అంటారు), పెద్దలుగా ఎవరిని పెట్టాలో చెబుతూ ఇలాంటి లాభానికి ఆశపడనివాణ్ణి పెట్టమని ఉంది. ఆ తర్వాత కొన్ని వాక్యాలకే, ఇలాంటి లాభం కోసం చెప్పకూడనివి చెబుతూ కుటుంబాలకు కుటుంబాల్ని పాడుచేస్తున్న బోధకుల నోళ్లు మూయించాలని ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో, పేతురు మొదటి పత్రికలో కూడా ఈ మాట వస్తుంది. అన్నిచోట్లా ఎవరి గురించో చూడండి. దొంగల గురించి కాదు. బోధించేవాళ్లు, సంఘం డబ్బు పట్టేవాళ్లు, మందని కాచేవాళ్లు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే నాలాంటివాళ్లు, బల్ల వెనక కూర్చున్నవాళ్లు, వేదిక మీద నిలబడ్డవాళ్లు. అమ్మకూడనిది తమ చేతిలో ఉన్నవాళ్లు.

దీన్ని మన తెలుగు బైబిల్లో ఏమన్నారో తెలుసా? మా స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ ఆయన చర్చికి వెళ్లే మనిషి. ఆయన సంచిలోంచి బైబిలు తీసి ఆ వాక్యం చూపించాడు. ‘దుర్లాభము’ అని ఉంది. పేతురు పత్రికలో ‘దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతోను’ అని ఉంది. ఎంత తూకంగా కుదిరిందో చూడండి. దుర్లభం అంటే దొరకనిది. ఒక్క దీర్ఘం పెడితే దుర్లాభం, దొరికినా తీసుకోకూడనిది. మన పత్రికల్లో ఈ మాట ఎందుకు వాడకంలోకి రాలేదో నాకు ఇప్పటికీ దిగులే. అక్రమార్జన అంటాం, నల్లధనం అంటాం. రెండూ పన్ను కాగితాల వాసన కొడతాయి. దుర్లాభం అంటే తీసుకున్నవాడి మనసు కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పి ముందుకెళతాను. తిమోతి పత్రికలోదే, ‘ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము’ అనే వాక్యం. జనం దాన్ని ‘డబ్బే అన్ని అనర్థాలకీ మూలం’ అని చెప్పుకుంటారు. అపేక్షని కత్తిరించేశారు. కత్తిరిస్తే తప్పు నాణెం మీదికి పోతుంది, మనిషి తప్పించుకుంటాడు.

నాణెం మీదికి తప్పు పోవడం అన్నది చిన్న సంగతి కాదండీ. ఆ బైబిలు పత్రికలు పుట్టిన క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోములో వెస్పేసియన్ చక్రవర్తి ఉండేవాడు. మూత్రం మీద పన్ను వేశాడు. చాకళ్లకీ తోళ్లు పదును చేసేవాళ్లకీ అది సరుకు. కొడుకు ఇదేం పన్ను అన్నాడు. ఆ కొడుకు పేరు కూడా టైటసే, అంటే మన బైబిలు ఉచ్చారణలో తీతు. తండ్రి ఆ పన్ను తాలూకు మొదటి నాణెం తీసి కొడుకు ముక్కు దగ్గర పెట్టి, వాసన వస్తోందా అని అడిగాడట. రావడం లేదన్నాడు. ‘కానీ అది మూత్రంలోంచే వచ్చింది’ అన్నాడట తండ్రి. రోమన్ రచయిత సుయెటోనియస్ రాసిన కథ ఇది. డబ్బుకి కంపు ఉండదు అనే సామెతకి ఇదే మూలం. నాకు ఆ చక్రవర్తి మీద కోపం లేదు. మూత్రం అమ్ముకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. చాకలి పని మురికి పనే కావచ్చు, సిగ్గుమాలిన పని కాదు. మురికి వేరు, సిగ్గు వేరు. ఈ రెండూ ఎక్కడ కలిసిపోయాయన్నదే నా వెతుకులాట.

లాటిన్‌లోకి వెళ్లాక ఈ మాట ‘తుర్పె లుక్రుమ్’ అయింది. క్రీ.శ. 325లో నైసియాలో క్రైస్తవ పెద్దలందరూ కూడిన మహాసభ జరిగింది. అక్కడ చేసిన నియమాల్లో పదిహేడోది, చర్చి సేవలో ఉండి సిగ్గుమాలిన లాభం వెంట పడి, నూటికి ఒకటి చొప్పున వడ్డీ తీసుకునేవాళ్లని ఆ పదవి నుంచి తీసెయ్యాలన్నది. నూటికి ఒకటి అంటే నెలకి. మన ఊళ్లలో ఇప్పటికీ ‘నూటికి రూపాయి వడ్డీ’ అంటామే, సరిగ్గా ఆ లెక్కే. మనకి ఇవాళ రూపాయి వడ్డీ అంటే దయగలవాడి కింద జమ.

మధ్యయుగాల్లో ఈ మాట అచ్చంగా వడ్డీ వ్యాపారానికి కట్టుబడిపోయింది. ఇక్కడ ఒక చెడ్డ మలుపు ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లీషు కవి చాసర్ రాసిన ఒక కథలో, ఒక నగరంలో యూదుల పేటని అక్కడి ప్రభువు ‘నీచపు లూకర్’ కోసం పోషిస్తున్నాడని వస్తుంది. ఆ కథ యూదుల మీద పిల్లవాణ్ణి చంపారన్న నింద వేస్తుంది. పచ్చి అబద్ధపు నింద. ఇంగ్లండు 1290లోనే యూదులందర్నీ వెళ్లగొట్టింది. అంటే ఆ కథ విన్నవాళ్లు పుట్టి బుద్ధెరిగి తమ ఊళ్లో ఒక్క యూదుణ్ణి కూడా చూసి ఉండరు. తమ పెద్దల్ని తాము అదుపులో పెట్టుకోవడానికి పుట్టిన మాటని, లేని పొరుగువాడి మీదికి రాయిలా విసిరారు. ఈ మాట చరిత్రలో నాకు చాలా బాధ కలిగించే చోటు ఇదే.

అదే కాలంలో ఇంగ్లండులో విక్లిఫ్ అనే మతసంస్కర్త అనుచరులు బైబిల్ని లాటిన్ నుంచి ఇంగ్లీషు చేశారు. తీతు పత్రిక వాక్యంలో ‘ఫౌల్ విన్నింగ్’ అని పెట్టారు. ఫౌల్ అంటే కుళ్లినది, కంపు కొట్టేది. అదిగో, సిగ్గు కాస్తా మురికి అవ్వడం అక్కడ మొదలైంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. సంబంధం లేదనుకోకండి.

మా అమ్మ పల్లెటూళ్లో చిన్న కిరాణా కొట్టు నడిపేది. పొద్దున్నే బోణీ డబ్బు వస్తే కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేది. ఆ నాణెం చేపలమ్మి చేతి నుంచి వచ్చి ఉంటుంది, జిగటగా ఉంటుంది. బురదలో నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు కొంగు ముడి విప్పి ఇచ్చిన నోట్లు చెమటకి మెత్తబడి ఉండేవి. వాటన్నిటినీ కళ్లకద్దుకునేది. ఒకరోజు మా వీధి మనిషి ఒకాయన రాత్రంతా పేకాడి వచ్చి, పాత బాకీ మొత్తం కొత్త నోట్లతో ఒక్కసారిగా తీర్చాడు. పెళపెళలాడే నోట్లు. మా అమ్మ తీసుకుంది. ఖాతా పుస్తకంలో గీత కొట్టింది. కళ్లకద్దుకోలేదు. గల్లాపెట్టెలో వెయ్యలేదు. వెనక అలమరలో ఖాళీ హార్లిక్స్ సీసా ఉంటే అందులో పెట్టి మూత బిగించింది. అతనికి ఎదురు కూర్చుని ఓడిపోయినవాడి భార్య మా కొట్టుకే వచ్చేది. ఆ నెలంతా ఆవిడ తీసుకెళ్లిన బియ్యం, నూనె, సబ్బు ఖాతాలో రాయలేదు. ఆ సీసాలోంచి తీసి గల్లాపెట్టెలో వేసేది. సీసా ఖాళీ అయ్యాక కడిగి పంచదారకి పెట్టుకుంది.

చాలా ఏళ్ల తర్వాత మత్తయి సువార్తలో యూదా కథ చదివితే నాకు ఆ సీసా కళ్ల ముందు నిలిచింది. ముప్పై వెండి నాణేలకి గురువుని పట్టించిన యూదా, తర్వాత మనసు విరిగి వాటిని గుళ్లో విసిరేసిపోతాడు. యాజకులు వాటిని ఏరుకుని, ‘ఇవి రక్తక్రయధనము గనుక వీటిని కానుకపెట్టెలో వేయతగద’ని, వాటితో కుమ్మరివాని పొలం కొని పరదేశుల్ని పాతిపెట్టడానికి ఉంచుతారు. ఇంగ్లీషులో ‘బ్లడ్ మనీ’ అనే మాట ఇక్కడి నుంచే. వాళ్లు ఆ పెట్టెని కాపాడుకున్నారు. కానీ ఆ ముప్పై నాణేలు యూదా చేతిలో పెట్టింది కూడా వాళ్లే. మా అమ్మకీ వాళ్లకీ తేడా అక్కడుంది.

మన తెలుగులో ఈ రకం మాటలు ఎలా తిరిగాయో ఎవరైనా కూర్చుని రాస్తే మంచి పుస్తకం అవుతుంది. ముడుపు అంటే పసుపు గుడ్డలో కట్టి దేవుడికి దాచింది. ఇప్పుడు పేపర్లో ‘ముడుపులు అందాయి’ అని ఉంటే ఏ దేవుడికి అని ఎవరూ అడగరు. మామూలు అంటే అలవాటైనది. ‘మామూళ్లు’ అంటే ఆఫీసులో అలవాటుగా గుంజేది. గడ్డి తినడం అన్న మాటలో మాత్రం పాత గ్రీకు సిగ్గు ఇంకా బతికే ఉంది. లంచం తీసుకున్నవాణ్ణి ‘గడ్డి తిన్నాడు’ అంటాం. డబ్బుని ఏమీ అనలేదు, మనిషిని పశువు చేశాం. ఇంకో మాట ఉసురు. ఎవరి దగ్గర లాక్కున్నామో వాళ్ల ఊపిరి ఆ సొమ్ముని పట్టుకుని వస్తుంది. ఇది ఏ ఇంగ్లీషు మాటలోనూ లేదు. 

ఇంగ్లీషులో మురికి అన్న ఉపమానం గట్టిపడ్డాక దానికో పర్యవసానం వచ్చింది. మురికి అయితే ఉతకొచ్చు. మనీ లాండరింగ్ అన్న మాట 1970ల మొదట్లో అమెరికాలో వాటర్‌గేట్ గొడవ నడుస్తున్నప్పుడు పత్రికల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. మనకీ 2002లో దానికి చట్టం వచ్చింది, 2005 నుంచి అమల్లో ఉంది. సిగ్గునైతే ఏ చాకిరేవులో ఉతుకుతారు?

సరే, ఇక ఆ మనిషి.

పేరు విలియం టిండేల్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఇంగ్లండులో పల్లెటూరి జమీందారు ఇంట పిల్లలకి చదువు చెప్పుకుంటూ ఉండేవాడు. అక్కడికొచ్చే ఒక మతపండితుడితో వాదన పెరిగి, ‘దేవుడు నాకు ఆయుష్షు ఇస్తే, అరక దున్నే కుర్రాడికి నీకన్నా ఎక్కువ లేఖనం తెలిసేలా చేస్తా’ అన్నాడట. అప్పట్లో అనుమతి లేకుండా బైబిల్ని ఇంగ్లీషు చెయ్యడం నేరం. లండన్ బిషప్పు టన్‌స్టల్ని సాయం అడిగితే కాదన్నాడు. 1524లో దేశం వదిలి వెళ్లాడు, మళ్లీ ఇంగ్లండు చూడలేదు. కొలోన్‌లో అచ్చు మొదలుపెడితే అధికారులు వచ్చి ఆపించారు. కాగితాలు పట్టుకుని రైన్ నది మీద పారిపోయి, 1526లో వోర్మ్స్‌లో కొత్త నిబంధన అచ్చు వేశాడు. నేరుగా గ్రీకు నుంచి చేసి, అచ్చయిన మొట్టమొదటి పూర్తి ఇంగ్లీషు కొత్త నిబంధన అది. అందులో ఐస్క్రోస్ కెర్డోస్ దగ్గర ఆయన పెట్టిన మాటలే ‘ఫిల్తీ లూకర్’.

అరక దున్నే కుర్రాడి కోసం రాసే మనిషి, ‘విన్నింగ్’ అనే వాడుక మాట ఉండగా లాటిన్ వాసన వచ్చే లూకర్ని ఎందుకు ఎంచుకున్నాడు? నా ఊహ చెబుతాను, ఊహే సుమా. లూకర్ అన్నది చర్చి కోర్టుల మాట, పాపవిమోచన పత్రాలు అమ్ముకునే పెద్దలు రోజూ ఇతరుల మీద వాడే మాట. వాళ్ల మాటనే వాళ్ల ముందు పెట్టాడు. పక్కన మాత్రం ఏ పల్లెటూరివాడికైనా తెలిసే ఫిల్తీ పెట్టాడు.

పుస్తకాలు బట్టల మూటల్లో దాచి ఇంగ్లండుకి చేరవేశారు. అదే ఏడాది బిషప్పు వాటిని సెయింట్ పాల్ దగ్గర తగలబెట్టించాడు. తర్వాత కొన్నాళ్లకి ఇంకో ఉపాయం చేశాడు. ఆంట్వర్ప్‌లో పాకింగ్టన్ అనే వర్తకుడి చేత, దొరికిన ప్రతులన్నీ కొనేసి కాల్చెయ్యాలని. ఈ పాకింగ్టన్ టిండేల్‌కి స్నేహితుడు. వెళ్లి, నీ పుస్తకాలకి మంచి బేరం తెచ్చాను అన్నాడు. ఎవరంటే లండన్ బిషప్పు. కాల్చడానికేగా అన్నాడు టిండేల్. అవునన్నాడు. అయితే మరీ మంచిది, నా అప్పులు తీరతాయి, మిగిలిన దాంతో తప్పులు దిద్ది మళ్లీ అచ్చు వేస్తాను, దేవుడి మాట కాల్చినందుకు లోకం వాళ్లనే తిడుతుంది అన్నాడట. పుస్తకాలు బిషప్పుకి, కృతజ్ఞతలు పాకింగ్టన్‌కి, డబ్బు టిండేల్‌కి అని ఆ కాలపు చరిత్రకారుడు హాల్ రాశాడు. ఆ డబ్బు ఫిల్తీ కాదా అని నన్ను ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. కాదు. ఆ డబ్బు కోసం టిండేల్ అమ్మకూడనిది ఏదీ అమ్మలేదు. బిషప్పు మెప్పు కోసం ఒక్క వాక్యం మార్చలేదు. 

1526 నాటి ప్రతుల్లో మనకి తెలిసి మిగిలినవి మూడే. ఒకదాన్ని 1994లో బ్రిటిష్ లైబ్రరీ పది లక్షల పౌండ్లకి పైనే పెట్టి కొంది.

1535లో ఆంట్వర్ప్‌కి హెన్రీ ఫిలిప్స్ అనే ఇంగ్లీషు కుర్రాడు వచ్చాడు. మంచి ఇంటివాడు, చదువుకున్నవాడు. తండ్రి ఎవరికో ఇమ్మని ఇచ్చిన డబ్బు జూదంలో పోగొట్టి, ఇంటికి ముఖం చూపించలేక తిరుగుతున్నాడు. ఎవరో అతని చేతిలో డబ్బు పెట్టి టిండేల్ మీదికి పంపారు. వర్తకుల భోజనాల దగ్గర పరిచయం చేసుకున్నాడు. టిండేల్ అతన్ని నమ్మి, తాను ఉండే ఇంటికే తీసుకొచ్చాడు. తన పుస్తకాలూ కాగితాలూ చూపించాడు. ఇంటి యజమాని పాయింట్జ్‌కి అనుమానం వచ్చినా టిండేల్‌కి రాలేదు.

మే నెలలో ఒక రోజు. యజమాని ఊళ్లో లేడు. ఫిలిప్స్ మధ్యాహ్న భోజనం వేళకి వచ్చాడు. దారిలో డబ్బు సంచి పోయింది, నలభై షిల్లింగులు అప్పు కావాలి అన్నాడు. టిండేల్ ఇచ్చాడు. భోజనానికి ఇద్దరూ బయల్దేరారు. ఆ ఇంటి బయట సందు ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. మీరు ముందు వెళ్లండి అంటే మీరు వెళ్లండి అని మర్యాదలయ్యాయి. ఫిలిప్స్ పట్టుబట్టి టిండేల్‌నే ముందు నడిపించాడు. ఫిలిప్స్ పొడగరి, టిండేల్ పొట్టి. సందు చివర ఇద్దరు భటులు కూర్చుని ఉన్నారు. ఫిలిప్స్ వెనక నుంచి టిండేల్ తల మీదుగా వేలు చూపించాడు, వీడే అని. జాన్ ఫాక్స్ అనే ఆయన ఇదంతా రాసిపెట్టాడు. ఆ భటులు తర్వాత, పట్టుకునేటప్పుడు ఆ మనిషి అమాయకత్వం చూసి జాలేసింది అన్నారని కూడా రాశాడు.

సిగ్గుమాలిన లాభం అనే మాటకి ఇంగ్లీషులో రూపం ఇచ్చిన మనిషిని ఆ లాభం కోసమే అమ్మారు. అమ్మే రోజు కూడా ఆయన జేబులోంచే నలభై షిల్లింగులు పట్టుకెళ్లారు. థియోఫ్రాస్టస్ రాసిన, అతిథి దగ్గర అప్పు అడిగే మనిషి గుర్తొచ్చాడా? 

టిండేల్‌ని బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్ కోటలో ఏడాదికి పైగా ఉంచారు. 1536 అక్టోబరులో స్తంభానికి కట్టి, ఊపిరాడకుండా బిగించి చంపి, ఆ తర్వాత కాల్చారు. మూడేళ్లు తిరక్కుండా రాజుగారి అనుమతితోనే ఇంగ్లీషు బైబిలు చర్చిల్లోకి వచ్చింది, అందులో చాలా భాగం ఈయన రాసిందే. 1611లో జేమ్స్ రాజు వేసిన పండితుల బృందం మళ్లీ అంతా సరిచూసింది. ఎన్నో మాటలు మార్చారు. ఈ రెండు మాటల జోలికి పోలేదు. అక్కడి నుంచే అవి ఇంగ్లీషువాళ్ల నోళ్లలోకి, విస్లర్ బొమ్మలోకి, మా బీకాం పాఠంలోకి వచ్చాయి.

జైల్లోంచి ఆయన లాటిన్‌లో రాసిన ఉత్తరం ఒకటి బెల్జియంలో భద్రంగా ఉంది. అధికారికి రాసుకున్న విన్నపం. చలికాలం ఇక్కడే గడపాల్సొస్తే, నా దగ్గర పట్టుకున్న వస్తువుల్లోంచి కొన్ని పంపించండి అంటాడు. తలకి జలుబు విడవడం లేదు, ఇంకాస్త వెచ్చని టోపీ. ఇప్పుడున్నది పలచన, ఇంకాస్త మందం కోటు. కాళ్ల తొడుగులకి మాసిక వేసుకోవడానికి గుడ్డముక్క. ఉన్ని చొక్కా. సాయంత్రం పూట ఒక దీపం, చీకట్లో ఒక్కణ్ణీ కూర్చోవడం విసుగ్గా ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా బతిమాలుకుంటున్నాను అంటూ, హీబ్రూ బైబిలు, హీబ్రూ వ్యాకరణం, హీబ్రూ నిఘంటువు అడుగుతాడు. పాత నిబంధన అనువాదం ఇంకా సగం మిగిలే ఉంది ఆయనకి.

నమస్కారం.